దారమూ చిల్లూ

ఆదివారం సాయంత్రం ఆరాధన అయ్యాక
ఎజ్రా మేస్టారు చాపలు పరిపించేవారు.
మాధవాయిపాలెం రేవులో ఆరున్నర పంటు కూత.
మేం ఏడుగురం ఆడవాళ్లం, ఒళ్లో లేసు బుట్టలు,
చెవులు మేస్టారికి, వేళ్లు ఏజెంటుకి.

"తోటలో ఒక నది పుట్టి నాలుగు పాయలైందని విన్నారు కదా,
అది నీళ్ల సంగతి కాదు" అన్నారు.
"రెండు వేల ఏళ్ల కిందట, నైలు నది సముద్రంలో కలిసే చోట
ఒక యూదు పెద్దాయన ఉండేవాడు.
ఇంట్లో తాతల ధర్మం, వీధిలో గ్రీకు మాట.
రెండు కొసలూ పట్టుకుని ముడేశాడు.
నది అంటే మంచితనం అన్నాడు.
పాయలు వివేకం, ధైర్యం, నిగ్రహం, న్యాయం."

మన గోదారి ఏడు పాయలు కదండీ,
మిగతా మూడూ ఏ గుణాలండీ, అనడిగింది దీవెనమ్మ.
మేస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.
"ఒకటి ఓపిక" అన్నారు కాసేపటికి.
ఇంకో రెండు ఇప్పటికీ చెప్పలేదు.

వారం వారం ఆ కథలన్నీ వలిచారు,
చేతికి నూనె రాసుకుని పనసకాయ వలిచినట్టు.
పాము అంటే సుఖం.
తోలు చొక్కాలంటే ఈ ఒళ్లు.
ఐగుప్తు అన్నా మళ్లీ ఈ ఒళ్లే.
సముద్రంలో మునిగిన గుర్రం ఆవేశమట,
దాని మీద ఊరేగినవాడు కళ్లెం వదిలేసిన బుద్ధి.
ఎంత బావుండేదో!
ఇంటికి పోతుంటే లాకుల దగ్గర నీళ్లు పడే చప్పుడు కూడా
ఇంకేదో చెబుతున్నట్టుండేది.
ఒంటికాలి కొంగని ఆపి
నీ అర్థం ఏంటమ్మా అని అడగాలనిపించేది.

ఒక ఆదివారం మాత్రం
"మొదటి మగాడు బుద్ధి, మొదటి ఆడది ఇంద్రియాలు.
ఇంద్రియాల మాట విని బుద్ధి చెడింది" అన్నారు.
సూదులాగిపోయాయి, ఏడూ ఒక్కసారే.

నేను చదివింది ఐదో తరగతి.
అయినా నోరు ఆగలేదు.
మేస్టారూ, ఈ వేళ్లు ఇంద్రియాలేనా? ఈ మసక కళ్లు?
పువ్వుకి పదహారు గొలుసులు లెక్కెట్టేది ఎవరండీ మరి?
మా ఇంటాయన బుద్ధి మూడు ముక్కలాటలో కూర్చుంటే
ఎసట్లో బియ్యం పోసింది ఇంద్రియాలేనండీ.

ఎవరో నవ్వారు. దీవెనమ్మ నవ్వలేదు.
తలెత్తకుండా, దారం లాగుతూ అంది:
"జలప్రళయమంటే చెడ్డ తలపుల వరద అన్నారు మీరు.
మా లంకలోకి వరదొచ్చిన రాత్రి
చిన్నదాన్ని తాటిదూలం మీద కూర్చోబెట్టాను.
తెల్లారేసరికి దూలం ఉంది.
అవి నీళ్లేనండీ.
వాటికి ఇంకో పేరు పెడితే
నా పిల్ల దేన్లో పోయిందని చెప్పుకోను?"

కరెంటు పోయింది. మంచిదైంది,
ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేకపోయింది.

తర్వాతి ఆదివారం మేస్టారు ఆలస్యంగా వచ్చారు.
కూర్చోకుండానే చెప్పారు.
"ఆ పెద్దాయనే ఇంకో మాట కూడా రాశాడు.
అర్థం ప్రాణమైతే అక్షరం ఒళ్లు.
ప్రాణం కాపురముండేది ఒంట్లోనే గనక
ఒంటిని చూసుకోవాలన్నాడు.
తొందరలో ఆ పేజీ దాటేశాను."

నా ఒళ్లోంచి సగం అల్లిన గుడ్డ తీసి
లాంతరు ముందు పట్టుకున్నారు.
సున్నం రాలిన గోడ మీద పూలు పడ్డాయి.
"ఇందులో పువ్వు ఏది తల్లీ, దారమా, చిల్లా?"

ఇదేం ప్రశ్న, లేసు అల్లేదాన్ని అడగడానికి!
ఒక్క పోగు తెగితే చిల్లు ఎక్కడ నిలుస్తుంది?
చిల్లు వదలకుండా అల్లితే అది గోనెపట్టా,
ఏజెంటు కొనడు.
పైకి అనలేదు. గుడ్డ తీసుకుని
వదిలిన చోట మళ్లీ సూది దూర్చాను.

ఆ రాత్రి పంటు మీద దీవెనమ్మ
కమ్మీ పట్టుకుని వంగి చాలాసేపు నీళ్లు చూసింది.
ఏం చూస్తున్నావే, అన్నాను.
"ఆరో పాయ" అంది.
దాని పేరు నేనడగలేదు.
సఖినేటిపల్లి దీపాలు దగ్గరకొస్తున్నాయి.
దారం తడుస్తోందని బుట్ట మూత పెట్టుకున్నాను.